నల్లరాయికీ జబ్బు చేస్తుంది: కాకతీయ గుళ్లను పొగ, దుబ్బ, ఉప్పుల నుంచి కాపాడుకునే పద్ధతి

కాలుష్యంతో పాత కట్టడాలు పాడవుతున్నాయి అనగానే అందరికీ తాజ్‌మహలే గుర్తొస్తుంది. ఆగ్రా చుట్టూ 10,400 చదరపు కిలోమీటర్ల పరిధిలో బొగ్గు, కోక్ కాల్చే పరిశ్రమలు గ్యాసుకు మారాలి, లేదంటే తరలిపోవాలి అని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కథను ఓరుగల్లుకు ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, "అది పాలరాయి, మనది బండరాయి, దీనికేమైతది" అన్న ధీమా. రెండోది, పాలరాతి మీది మురికి తీయడానికి పట్టించిన ముల్తానీ మట్టి వైద్యమే ఇక్కడి గుడి గోడకూ చేయబోవడం. రాయి వేరు, జబ్బు వేరు, మందూ వేరు.

ఉత్తర తెలంగాణలో ఊరూరా ఓ త్రికూటాలయమో (మూడు గర్భగుళ్ల గుడి), విరిగిన మండపమో, పొలం గట్టు మీద శాసన స్తంభమో ఉంటుంది. వాటిలో చాలావాటికి కాపలా లేదు, బోర్డూ లేదు. అలాంటివాటిని చూసుకునే గుడి కమిటీలు, యువజన సంఘాలు, బడి సార్ల కోసం రాసింది ఇది. మూడు పనులున్నాయి: చూడటం, ఆపడం, కడగడం. ఈ వరస తప్పొద్దు. చాలా ఊళ్లలో కడగడంతోనే మొదలుపెడతారు. పొగ నూరేళ్లలో చేయని నష్టం ఒక్క మధ్యాహ్నం ఇసుక బ్లాస్టింగ్ మిషన్ చేసిపెడుతుంది.

ఏ రాయికి ఏ జబ్బు

1163లో రుద్రదేవుడు కట్టించిన హనుమకొండ వేయిస్తంభాల గుడిలో, ఓరుగల్లు కోట కీర్తి తోరణాల్లో మీరు చూసేది ఎక్కువగా గ్రానైటు, నల్లటి డోలరైటు. 1213 నాటి పాలంపేట రామప్ప గుడిలో ఎర్రటి ఇసుకరాతి గోడలు, నల్లరాతి మదనికలు (స్త్రీ శిల్పాలు), శిఖరంలో నీటి మీద తేలే ఇటుకలు. ఊళ్లలోని చిన్న గుళ్లలోనూ ఇవే కొంచెం అటూ ఇటూగా ఉంటాయి. ముందు మీ గుడి ఏ రాయితో కట్టిందో తెలుసుకోండి. తెల్లటి, గులాబీ, నల్లటి గింజలు కలిసి కనిపిస్తే గ్రానైటు. ముట్టుకుంటే చల్లగా, నున్నగా, ఒకే నలుపుగా ఉంటే డోలరైటు. వేలితో రాస్తే ఇసుక రేణువు అంటుకుంటే ఇసుకరాయి.

బొగ్గు, డీజిలు కాలినప్పుడు వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ తేమతో కలిసి ఆమ్లమవుతుంది. దానికి తినడానికి సున్నం కావాలి. పాలరాయంతా సున్నమే కాబట్టి అక్కడ రాయే కరుగుతుంది. గ్రానైటులో ఆ సున్నం దాదాపు లేదు. కానీ మనమే తెచ్చి పెడుతున్నాం. ఏటేటా కొట్టే వెల్ల, సందుల్లో కూరిన సిమెంటు, రోడ్డు మీది కాంక్రీటు దుమ్ము అన్నింటిలో ఉన్నది అదే. ఆమ్లం ఆ సున్నాన్ని పట్టుకుని జిప్సంగా మారుస్తుంది. జిప్సం పెరిగేటప్పుడు మసిని, దుబ్బను తనలో కలుపుకుని నల్లటి పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు ఊడేటప్పుడు కింది రాతి చర్మాన్నీ పట్టుకుపోతుంది.

గ్రానైటుకు సొంతంగా వచ్చే జబ్బు ఇంకొకటుంది. ఆమ్లపు నీళ్లకు అందులోని ఫెల్డ్‌స్పార్ గింజ మెల్లగా మెత్తబడి మట్టి అవుతుంది, నల్ల అభ్రకంలోని ఇనుము తుప్పు రంగు వదులుతుంది. గింజకూ గింజకూ మధ్య పట్టు పోయి, చేత్తో తుడిస్తే రవ్వలా రాలుతుంది. మామూలు వాన నీటి పీహెచ్ కూడా 5.6 దగ్గరే ఉంటుంది గనుక ఈ పని ఎలాగూ జరుగుతుంది. గాలిలో గంధకం, నైట్రోజన్ ఆక్సైడ్లు పెరిగితే వేగం పెరుగుతుంది.

ఇసుకరాయి అసలు శత్రువు ఉప్పు. మోరీ నీళ్లు, మూత్రం, గబ్బిలాల రెట్ట, పొలం ఎరువు, సిమెంటు అన్నీ ఉప్పుల్ని ఇస్తాయి. నీళ్లతో పాటు రాయిలోకెక్కి, ఎండకు లోపలే స్ఫటికమై, రాతి రంధ్రాన్ని లోపలి నుంచి నెట్టి పగలగొడతాయి. అందుకే నేల నుంచి మూడు నాలుగు అడుగుల ఎత్తు వరకు శిల్పం ముఖం ముందు పోతుంది, పై వరస బాగానే ఉంటుంది.

ఇక రాళ్లను పట్టి ఉంచే ఇనుప బందులు తుప్పు పడితే ఉబ్బి బండనే చీలుస్తాయి. పగులు వెంట ఎర్రటి చార దిగితే అనుమానించాల్సింది దీన్నే.

చూడటం

ఏడాదికి రెండుసార్లు వెళ్లండి: మే చివర్లో, మళ్లీ వానలు వెనకపట్టాక అక్టోబరులో. టార్చి, 10 సెంటీమీటర్ల స్కేలు, టేపు, మెత్తటి బ్రష్షు, చిన్న స్ప్రే సీసాలో డిస్టిల్డ్ వాటర్, నోటు పుస్తకం, జిప్ కవర్లు, నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచే ఒక టీడీఎస్ మీటరు చాలు. నీళ్ల ప్లాంటు వాళ్ల దగ్గర ఉండేదే ఆ మీటరు, ఖరీదు పెద్దగా ఉండదు.

రాళ్లకు పేర్లు పెట్టుకోండి, కానీ రాయి మీద రాయకండి. "తూర్పు గోడ, కింది నుంచి 3వ వరస, ఎడమ నుంచి 5వ రాయి" అని పుస్తకంలో రాస్తే చాలు. ప్రతి జబ్బు చోటును ఒక మీటరు దూరం నుంచి, స్కేలు కనిపించేలా, ప్రతిసారీ అదే గంటకు ఫోటో తీయండి. మరో ఫోటో చీకటి పడ్డాక, టార్చిని గోడకు ఆనించినట్టు పక్క నుంచి వేసి తీయండి. పగలు కనిపించని పొక్కులు, లేస్తున్న పొరలు నీడతో సహా బయటపడతాయి.

నలుపు కనిపించిన ప్రతిచోటా అది మసి అనుకోవద్దు. ఇక్కడే ఎక్కువ మంది బోల్తా పడతారు. వాన నేరుగా తగిలే చోట, నీళ్లు జారే చారల్లో ఉన్న నలుపు సాధారణంగా నాచు. చూరు కింద, దూలం అడుగున, వాన తగలని మూలల్లో గరుకుగా ఉన్న నలుపు మసి పెచ్చు. గర్భగుడి గుమ్మం చుట్టూ జిడ్డుగా ఉన్నది దీపాల నూనె. అనుమానమొస్తే నీళ్లు చల్లి పది నిమిషాలు ఆగండి. నాచయితే ఉబ్బి పచ్చదనం చూపిస్తుంది, మసి పెచ్చు రంగు మారదు, నూనె జిడ్డు మీద నీటి బొట్టు ముత్యంలా నిలబడుతుంది. మూడింటికీ మూడు దారులు. తేడా తెలియకుండా బ్రష్షు పట్టొద్దు.

బొట్టు పరీక్ష ఇంకోటుంది. శిల్పం లేని సాదా చోట ఒక చుక్క డిస్టిల్డ్ నీళ్లు వేసి గడియారం చూడండి. గట్టి గ్రానైటు మీద నిమిషాల తరబడి నిలుస్తుంది. అలాంటి రాతి మీద కొన్ని సెకన్లలో ఇంకిపోతే దాని పైపొర డొల్ల పడింది, దాన్ని తడపకూడదు. అదే చోట ప్రతి అక్టోబరులోనూ వేసి సెకన్లు రాసుకుంటే, నాలుగేళ్లకు మీ దగ్గర ఉండే లెక్క చాలా కమిటీల దగ్గర ఉండదు.

దుబ్బను కొలవడం కూడా తేలికే. 10 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న గాజు పలకను తూకం వేసి, వాన తగలని గట్టు మీద 30 రోజులు ఉంచండి. తర్వాత మళ్లీ తూకం వేయండి. బంగారం తూచే కాటా ఉన్న దుకాణంలో అడిగితే 0.01 గ్రాము వరకు చూపిస్తారు. పెరిగిన బరువును వందతో గుణిస్తే చదరపు మీటరుకు ఎంత పడిందో వస్తుంది: 0.20 గ్రాములు పెరిగితే 20 గ్రాములు. ఒక పలక రోడ్డు వైపు, ఒకటి వెనక వైపు పెట్టండి. రెండింటి తేడాయే మీ ఊరి రోడ్డు ఇస్తున్న వాటా. క్వారీ లారీలు, ఇసుక ట్రాక్టర్లు తిరిగే దారుల్లో, రామగుండం, చెల్పూరు లాంటి థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల ఊళ్లలో ఈ లెక్క మరీ అవసరం. అధికారికి అర్జీ పెట్టినప్పుడు "దుమ్ము బాగా పడుతోంది" అనే మాటకు లేని బరువు ఈ అంకెకు ఉంటుంది.

తెల్లటి ఉప్పు పూత కనిపిస్తే నీళ్లు పోయకండి. కరిగి మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్షుతో జిప్ కవర్లోకి దులిపి, తేదీ, రాయి పేరు రాసి, దగ్గరి డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్‌కు ఇవ్వండి. సల్ఫేటా, నైట్రేటా, క్లోరైడా అని తేల్చడం ల్యాబులో మామూలు పనే. నైట్రేటు అయితే మూత్రం, రెట్ట, ఎరువు వైపు చూడాలి. సల్ఫేటు అయితే సిమెంటు, పొగ వైపు.

ఆపడం

అసలు పని ఇది. జబ్బు మూలం ఆగకుండా ఎంత కడిగినా రెండు వానాకాలాల్లో మళ్లీ అక్కడికే వస్తుంది.

మొదట నీళ్ల దారి. గర్భగుడి నుంచి అభిషేకం నీళ్లు బయటికి పోయే సోమసూత్రం పూడిపోయిందేమో చూడండి. చాలా గుళ్లలో చుట్టూ సిమెంటు అరుగు కట్టి దాని నోరు మూసేశారు. పాలు, పెరుగు, పంచదార, కొబ్బరి నీళ్లు కలిసిన ఆ నీళ్లు అధిష్ఠానంలోకి, అంటే గుడి పీఠంలోకి ఇంకి నాచుకు, పుట్టగొడుగుకు మేతవుతాయి. అరుగును పగలగొట్టించండి, కానీ డ్రిల్లింగు మిషనుతో వద్దు, సుత్తి, ఉలితో గోడకు దూరంగా మొదలుపెట్టి దగ్గరికి రండి. గోడ వెంట అడుగున్నర వెడల్పున కంకర పరవండి, నేల ఊపిరి పీల్చుకుంటుంది. దాని అవతల నేల మీటరుకు 2 సెంటీమీటర్ల చొప్పున బయటికి వాలాలి. గుడి లోపల నున్నటి టైల్సు పరిచినా ఇదే తిప్పలు: నేలలోని తేమకు పైకి దారి లేక పక్కనున్న గోడలో ఎక్కుతుంది. అందంగా చేశామని మురిసిపోయే పని ఇదే, గోడకు చెరుపు చేసేదీ ఇదే.

కాకతీయుల పెద్ద కట్టడాల పునాది ఇసుక మీద ఉంటుందన్న సంగతి మరవొద్దు. ఆ ఇసుక కదలకుండా ఉన్నంత కాలమే అది దిండు. పక్కన సెప్టిక్ ట్యాంకు గుంత, పైపులైను కందకం, బోరు లాంటివి తవ్వితే ఇసుక జారుతుంది, మండపం ఒక పక్కకు కుంగుతుంది.

తర్వాత దీపాలు. కార్తీకంలో, శివరాత్రికి గుమ్మం రాళ్లకే ఆనించి వందల ప్రమిదలు పెడతారు. మానేయమంటే ఎవరూ వినరు, అనాల్సిన అవసరమూ లేదు. ఇసుక పోసిన ఇనుప ట్రేను గాలి ఆడే ఆవరణలో, రాతికి కనీసం మీటరు దూరంలో పెట్టి, "ఇక్కడ పెడితే స్వామికి ఎదురుగా ఉంటుంది" అని పూజారి చేత చెప్పిస్తే చాలు. నూనె ఇసుకలో ఇంకుతుంది, మసి ఆకాశంలోకి పోతుంది. కర్పూరానికి కూడా అదే చోటు. పసుపు కుంకుమలు మూలమూర్తికి ఉండనివ్వండి, స్తంభం మీది నర్తకికి వద్దు.

మంట మూడోది. చెత్త, పత్తి కట్టె, వరి కొయ్యలు పాత గోడ పక్కన కాల్చొద్దు. గనుల్లో యంత్రాలు రాకముందు బండను విడదీయడానికి దాని మీద మంట పెట్టేవారు. మీ చెత్త మంట గుడి గోడకు సరిగ్గా అదే చేస్తుంది: పైపొర వేడికి సాగి, లోపలి పొర సాగక, పలకలుగా ఎగిరిపోతుంది. మే నెల ఎండకు కాలుతున్న బండ మీద ట్యాంకరు నీళ్లు కొట్టడం కూడా చిన్న ఎత్తున ఇలాంటిదే.

వాహనాలకు గుడి ముందు ఇంజను ఆపి ఉంచే చోటు 50 మీటర్ల అవతల చూపండి. పండుగ రోజు జనరేటరు పొగ గొట్టం గుడి వైపు తిరగకుండా, గాలివాలుకు అవతల పెట్టండి. దుబ్బ ఆపడానికి వేప, కానుగ వరస నాటొచ్చు, పునాదికి 15 మీటర్ల లోపు మాత్రం పొదలే తప్ప చెట్లు వద్దు. దగ్గరలో క్వారీ పేలుళ్లుంటే ఒక మాట గుర్తుంచుకోండి. సున్నితమైన చారిత్రక కట్టడాల దగ్గర, 8 హెర్ట్జ్ లోపు (సెకనుకు 8 సార్లకన్నా తక్కువ ఊగే) కంపనాలకు, నేల కదలిక సెకనుకు 2 మిల్లీమీటర్లు దాటకూడదని గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ పెట్టిన పరిమితి. కొలిచి రిపోర్టు ఇమ్మని రాతపూర్వకంగా అడగండి.

కడగడం

ఇప్పుడు కూడా, అంతా ఆగాకే. పొక్కు లేచిన రాయిని, రవ్వ రాలే రాయిని, రంగు మిగిలిన చోటును, ఇటుక శిఖరాన్ని, శాసనాన్ని అసలు ముట్టుకోవద్దు. గట్టి రాతికే ఈ పద్ధతి.

నవంబరు నుంచి జనవరి మధ్య, నీడ ఉన్న పూట పెట్టుకోండి. ముందు మెత్తటి జుట్టు బ్రష్షుతో పై నుంచి కిందికి దుబ్బ దులపండి, మాస్కు తప్పనిసరి. గబ్బిలాల రెట్టను మాత్రం పొడిగా ఊడవకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. కొంచెం తడిపి, మాస్కు, గ్లౌజులతో రేకుతో ఎత్తండి. ఇనుప బ్రష్షు వాడితే గీతలు పడటమే కాదు, తెగిన తీగ ముక్కలు రాతిలో చిక్కి ఏడాదికల్లా తుప్పు మచ్చలవుతాయి.

నీళ్లు ఏవి? మన బోరు నీళ్లు చాలా చోట్ల గట్టివి, ఆరితే తెల్లటి పొర వదులుతాయి. టీడీఎస్ 50 లోపు ఉన్న ఆర్‌వో నీళ్లో, పట్టి పెట్టిన వాన నీళ్లో వాడండి. చల్లడానికి పొలంలో వాడే చేతి పంపు సరిపోతుంది, అయితే పురుగుమందు ఎన్నడూ పోయని కొత్తదై ఉండాలి. ముందు ఎవరికీ కనిపించని మూల 10 సెంటీమీటర్ల చదరంలో చేసి, వారం ఆగి చూడండి. రంగు తేలడం, గింజ రాలడం, తెల్లదనం రావడం ఏది కనిపించినా పని అక్కడితో ఆపండి. అంతా బాగుంటే సన్నటి పొగమంచులా చల్లి, పది నిమిషాలు నాననిచ్చి, నైలాను బ్రష్షుతో ఒత్తకుండా రుద్ది, తడి గుడ్డతో అద్ది తీయండి. నాచు, దుబ్బ ఇంతటితోనే చాలావరకు పోతాయి. పోని మరకను ఉండనివ్వండి. గుడి కొత్తగా మెరవాల్సిన పనిలేదు.

ఉప్పును బయటికి లాగడానికి కాగితం గుజ్జు కట్టు వేస్తారు. రంగు, వాసన లేని టిష్యూ కాగితాన్ని రాత్రంతా డిస్టిల్డ్ నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ కొత్త నీళ్లతో కలిపి, చుక్క కారని వరకు పిండండి. రాతి మీద తడిపిన పలచటి మల్లు గుడ్డ పరిచి, దాని మీద ఒకటి నుంచి ఒకటిన్నర సెంటీమీటర్ల మందాన గుజ్జు అద్దండి. అదే ఆరి ఊడే వరకు, రెండు నుంచి నాలుగు రోజులు, ముట్టుకోవద్దు. ఆరేటప్పుడే ఉప్పు రాతి నుంచి కాగితంలోకి వస్తుంది. ఎండలో వేస్తే గంటల్లోనే ముడుచుకుని ఊడిపోయి, ఉప్పు సగం దారిలో ఆగుతుంది.

ఎంత వచ్చిందో చూడటానికి ఆరిన గుజ్జు 10 గ్రాములను 100 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ నీళ్లలో గంటసేపు నానబెట్టి టీడీఎస్ చూడండి. వాడని గుజ్జుతోనూ ఇలాగే చూసి ఆ అంకెను తీసేయండి. రెండో కట్టు, మూడో కట్టు అంకెలు పోల్చండి. అంకె బాగా తగ్గి అక్కడే నిలిచిపోతే చాలు. మూడో కట్టుకు కూడా మొదటి అంతే వస్తుంటే, నేల నుంచి ఉప్పు ఇంకా ఎక్కుతూనే ఉందన్నమాట. మళ్లీ మోరీ దగ్గరికే వెళ్లాలి.

సందుల్లో రావి, మర్రి మొలకలుంటే వానకు నేల మెత్తబడ్డాక, వేలెడంత ఉన్నప్పుడే, ఏ ప్రతిఘటనా లేకుండా వస్తే పీకండి. గట్టిగా ఉంటే కత్తెరతో మొదలు దగ్గర కోసి వదిలేయండి, చిగురేసినప్పుడల్లా కోయండి. లాగితే వేరుతో పాటు రాయీ వస్తుంది. యాసిడ్, ఉప్పు, కిరోసిన్, కలుపు మందు పోస్తే చెట్టు చచ్చినా రాయికి కొత్త జబ్బు తగులుకుంటుంది.

సందులు నింపాల్సి వస్తే సిమెంటు ముట్టొద్దు. అది సున్నంకన్నా బిర్రుగా బిగుసుకుంటుంది, తేమకు దారివ్వదు, తనలోని ఉప్పుల్ని రాతికి పంచుతుంది. బాగా మాగిన సున్నం ఒక వంతు, కడిగిన ఇసుక మూడు వంతులు, కావాలంటే ఇసుకలో కొంత ఇటుక పొడి. పని తెలిసిన మేస్త్రీ కరక్కాయ, బెల్లం నీళ్లు కలుపుతానంటే కలపనివ్వండి. పూత ఆరే వారం రోజులూ తడి గోనె కప్పి ఉంచాలి. అయితే కాకతీయుల రాతి వరసలు చాలావరకు సున్నం లేకుండానే పేర్చినవి. సందు కనిపించిందని నింపేయొద్దు, నీళ్లు దిగుతున్న చోటే నింపండి.

పాత వెల్లను గీకడానికి ఇసుక బ్లాస్టింగ్ పెట్టిన గుళ్లను పోల్చుకోవడం తేలిక: స్తంభాల మెరుపు పోయి, రాయి గరుకు కాగితంలా ఉంటుంది. ఆ గరుకులో దుబ్బ మునుపటికన్నా వేగంగా పడుతుంది. పని చేసిన మనిషి ఊపిరితిత్తుల్లోకి పోయిన సిలికా దుమ్ము వేరే కథ. వెల్ల ఉంటే ఉండనివ్వండి. ఎనామిల్ పెయింటు మాత్రం ఎన్నడూ వేయొద్దు.

ఎవరికి చెప్పాలి

వేయిస్తంభాల గుడి, ఓరుగల్లు కోట, 2021లో యునెస్కో జాబితాకెక్కిన రామప్ప కేంద్ర పురావస్తు శాఖ చేతిలో ఉన్నాయి. అక్కడ పైన చెప్పిన కడగడం, కట్టు వేయడం, మొక్క కోయడం ఏదీ మీరు చేయకూడదు. చూడటం, రాసుకోవడం, చెప్పడం వరకే. పురాతన కట్టడాల రక్షణ కోసం వచ్చిన 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపై 200 మీటర్లలో అనుమతి లేకుండా కట్టకూడదు. కట్టడానికి నష్టం చేస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. గణపురం కోటగుళ్ల లాంటి వాటికి రాష్ట్ర వారసత్వ శాఖకు రాయాలి. ఊరి గుడి దేవాదాయ శాఖ కింద ఉంటే పని మొదలుపెట్టకముందే రాతపూర్వక అనుమతి తీసుకోండి.

అర్జీలో బాధ తక్కువ, కొలత ఎక్కువ ఉండాలి. రాయి పేరు, మే ఫోటో, అక్టోబరు ఫోటో, బొట్టు ఇంకిన సెకన్లు, గాజు పలక బరువు, ఉప్పు రకం, మూలం ఎక్కడుందని మీ అంచనా. రెండు పేజీలు దాటకూడదు. నకలు మీద ముద్ర వేయించుకుని పుస్తకంలో అతికించండి.

శాసనముంటే ముందు దాని గురించే రాయండి. ఊరి చెరువు ఎవరు తవ్వించారు, ఏ భూమి ఎవరికిచ్చారు, ఏ సుంకం ఎంత అన్నది చాలా ఊళ్లకు ఆ రాతి మీద తప్ప ఇంకెక్కడా లేదు. ఆ అక్షరం లోతు కొద్ది మిల్లీమీటర్లే, ఒక్క పొర లేస్తే పంక్తి పోతుంది. చదవడానికి సుద్దముక్క, ముగ్గు పిండి, పసుపు రుద్దకండి. రాత్రి పూట పక్క నుంచి టార్చి వేసి, వెలుగు దిశ మార్చుకుంటూ నాలుగు ఫోటోలు తీస్తే, పిండి పూసినప్పటికన్నా అక్షరాలు బాగా కనిపిస్తాయి.